ఆరు పాటలకు పదకొండు నెలలు: మైల్స్ డేవిస్ కొలంబియాకు చేసిన మొదటి ఆల్బమ్

మీరు అడిగింది ఇది: అమెరికా జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1957కు ముందే ఎన్నో రికార్డులు చేశాడు కదా, మరి 'రౌండ్ అబౌట్ మిడ్‌నైట్' దగ్గరే అతని కథ మొదలైనట్లు ఎందుకు రాస్తారు? అతని బృందంలోని అదే అయిదుగురు అదే కాలంలో ప్రెస్టీజ్ అనే చిన్న కంపెనీకి చేసిన రికార్డులు కూడా విన్నాను, నాకు పెద్ద తేడా తెలియలేదు. నిజంగా తేడా ఉందా, లేక కొలంబియా అనే పెద్ద కంపెనీ పేరు మహిమేనా? కొనాలంటే ఏ ప్రతి కొనాలి? రెండేళ్లుగా ట్రంపెట్ నేర్చుకుంటున్నాను, ఆ దగ్గరగా గొణిగినట్లుండే నాదం ఎలా వస్తుంది?

నేను ముప్పై అయిదేళ్లుగా ట్రంపెట్ వాయిస్తున్నాను. సికింద్రాబాద్‌లో చర్చి బృందంలో మొదలుపెట్టి, పెళ్లి ఊరేగింపుల బ్యాండులో కొన్నేళ్లు, మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో మరికొన్నేళ్లు గడిపాను. ఈ ఆల్బమ్‌ను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. నా మట్టుకు తేడా ఉంది, చాలా ఉంది. పెద్ద కంపెనీ వల్ల మైల్స్‌కు దొరికిన అన్నింటిలోకీ విలువైనది వ్యవధి. చేసినదాన్ని పక్కన పెట్టి, మళ్లీ వచ్చి, ఇంకొకటి చేసే వెసులుబాటు. చెవి పెట్టి వింటే అది వినిపిస్తుంది. ఎక్కడ వినిపిస్తుందో చెబుతాను.

ముందు 'మొదటి' అన్న మాట సంగతి. మైల్స్ తన పేరు మీద మొదటిసారి రికార్డు చేసింది 1947లో, సవాయ్ కంపెనీకి. అప్పుడు పేరుమోసిన సాక్సోఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ అతని పక్కన నిలబడి వాయించాడు. 1951 నుంచి ప్రెస్టీజ్‌తో ఒప్పందం ఉంది, మధ్యలో బ్లూ నోట్‌కు కూడా చేశాడు. ఇవన్నీ చిన్న కంపెనీలే. ఇక్కడ ఒక మెలిక ఉంది. 1949, 1950 సంవత్సరాల్లో తొమ్మిది మంది బృందంతో క్యాపిటల్ కంపెనీకి మూడు విడతలుగా రికార్డు చేశాడు. క్యాపిటల్ పెద్ద కంపెనీయే. అయితే వాటిలో చాలావరకు మొదట పక్కకొక పాట పట్టే 78 ఆర్‌పీఎం పలకలుగా విడివిడిగా వచ్చాయి. వాటిని ఏరి కూర్చి పన్నెండు అంగుళాల ఎల్‌పీగా, అంటే చాలా పాటలు పట్టే పెద్ద పలకగా, తెచ్చేసరికి 1957 అయింది. కాబట్టి ఒక పెద్ద కంపెనీ అతణ్ని తనవాడిగా తీసుకుని, ఆల్బమ్‌గానే ఊహించి, ఆల్బమ్‌గానే చేసిన మొదటి పని 'రౌండ్ అబౌట్ మిడ్‌నైట్'. 1957 మార్చిలో విడుదలైంది.

దాని మూలం 1955 జులై 17న, న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో ఉంది. ఆ ఉత్సవానికి అది రెండో ఏడాది. చార్లీ పార్కర్ చనిపోయి నాలుగు నెలలు. మైల్స్‌కు ఇరవై తొమ్మిదేళ్లు. హెరాయిన్ వ్యసనంలో నాలుగైదేళ్లు పోగొట్టుకుని, 1954లో దాన్నుంచి బయటపడ్డాడు. కానీ పేరు ఇంకా తేరుకోలేదు. సమయానికి వస్తాడో రాడో అన్న అనుమానం క్లబ్బుల వాళ్లందరికీ ఉండేది. ఉత్సవం అచ్చువేసిన కార్యక్రమ పత్రికలో అతని పేరే లేదు. చివరి నిమిషంలో ఒక కలగూర బృందంలో చేర్చారు. పియానో మీద థెలోనియస్ మంక్, సాక్సోఫోన్ల మీద జూట్ సిమ్స్, జెర్రీ మలిగన్, బేస్ మీద పెర్సీ హీత్, డ్రమ్స్ మీద కోనీ కే. ఆ కొద్దిసేపట్లో మంక్ కట్టిన 'రౌండ్ మిడ్‌నైట్' వాయించాడు. ట్రంపెట్ నోటిని మైకుకు ఆనించినంత దగ్గరగా పెట్టి వాయించాడు.

ప్రేక్షకుల్లో కొలంబియా రికార్డ్స్ జాజ్ విభాగం చూసే జార్జ్ అవాకియన్ ఉన్నాడు, పక్కన తమ్ముడు ఆరమ్. మైల్స్‌ను తీసుకోమని అన్నను ఒత్తిడి చేసినవాడు ఆ తమ్ముడే. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ రికార్డులు చేసినవాడు, డేవ్ బ్రూబెక్‌ను కొలంబియాకు తెచ్చినవాడు జార్జ్ అవాకియన్. మైల్స్ చాలా రోజులుగా కొలంబియాలోకి రావాలని ఆయనను అడుగుతూనే ఉన్నాడు. బ్రూబెక్ బొమ్మ 1954 నవంబరులో టైమ్ పత్రిక ముఖచిత్రం మీదికి ఎక్కింది. ఒక నల్లజాతి ట్రంపెటర్‌కు కూడా ఆ స్థాయి ప్రచారం, ఆ స్థాయి పంపిణీ దక్కాలని మైల్స్ కోరుకున్నాడు. ఆ కోరికను కొందరు డబ్బు యావగా రాశారు. నాకు అలా అనిపించదు. ఊరూరా దుకాణంలో తన రికార్డు దొరకాలని కోరుకోని వాద్యకారుడు ఉంటాడా? కొలంబియా 1948లో ఎల్‌పీని జనంలోకి తెచ్చిన కంపెనీ. 1955లో ఇంటికి తపాలాలో రికార్డులు పంపే క్లబ్బు కూడా మొదలుపెట్టింది. ప్రెస్టీజ్‌కు అంత చెయ్యి లేదు.

అయితే ప్రెస్టీజ్‌తో ఒప్పందం ఇంకా తీరలేదు. మైల్స్ వాళ్లకు ఇంకా కొన్ని ఆల్బమ్‌లు బాకీ. అవాకియన్, ప్రెస్టీజ్ యజమాని బాబ్ వైన్‌స్టాక్ కూర్చుని ఒక ఒడంబడికకు వచ్చారు. కొలంబియా ఇప్పటినుంచే రికార్డు చేసుకోవచ్చు, కానీ ప్రెస్టీజ్ బాకీ తీరేదాకా ఒక్కటీ విడుదల చేయకూడదు. వైన్‌స్టాక్ ఎందుకు ఒప్పుకున్నాడంటే, కొలంబియా మైల్స్‌కు చేసే ప్రచారం తన రికార్డులను కూడా అమ్మిపెడుతుంది. లెక్క సరైనదే. అవాకియన్ పెట్టిన ఇంకో షరతు కూడా ఉంది: రోజుకొకరితో వాయించడం మానేసి ఒక స్థిరమైన బృందాన్ని కూర్చుకోవాలి.

ఆ షరతు నుంచి పుట్టిందే ఆ అయిదుగురి బృందం. పియానో మీద రెడ్ గార్లండ్, బేస్ మీద ఇరవై ఏళ్ల పాల్ ఛాంబర్స్, డ్రమ్స్ మీద ఫిలీ జో జోన్స్. టెనర్ సాక్సోఫోన్‌కు మైల్స్ మనసులో ఉన్నది సానీ రాలిన్స్. రాలిన్స్ తన వ్యసనంతో తేల్చుకోవడానికి న్యూయార్క్ వదిలి వెళ్లాడు. ఆ ఖాళీలోకి 1955 సెప్టెంబరు చివర జాన్ కోల్ట్రేన్ వచ్చాడు. అప్పటికి అతని పేరు తెలిసినవాళ్లు తక్కువ. విన్న విమర్శకుల్లో కొందరికి ఆ గరుకుదనం నచ్చలేదు. మైల్స్ ఒక వాక్యం చెప్పి ఆగిపోయే మనిషి, కోల్ట్రేన్ ఆ వాక్యాన్ని పది రకాలుగా చెప్పి చూసే మనిషి. ఒకరి పక్కన ఒకరు నిలబడితే ఇద్దరూ ఇంకా స్పష్టంగా కనిపిస్తారు.

ఇప్పుడు అసలు విషయం. కొలంబియా ఈ ఆల్బమ్ కోసం మూడుసార్లు స్టూడియో తలుపు తెరిచింది. మొదటిసారి 1955 అక్టోబరు నెలాఖరులో. బృందం కూడి నెల రోజులే అయింది. నాలుగు పాటలు రికార్డు చేశారు. రెండోసారి 1956 జూన్ 5న, మూడు పాటలు. మూడోసారి 1956 సెప్టెంబరు 10న, మరో మూడు. మొత్తం పది. ఆల్బమ్‌లోకి ఎక్కింది ఆరు. మొదటి విడత నాలుగింటిలో 'ఆ-ల్యూ-చా' ఒక్కటే మిగిలింది, మిగతా మూడూ పక్కకు వెళ్లాయి. అవి చెడ్డవా? కాదు, ఇప్పుడు సీడీలో చివర చేర్చారు, విని చూడండి, ఎవరైనా సంతోషంగా విడుదల చేసుకునే పాటలే. అయినా పక్కన పెట్టారు. ఎందుకంటే ఏడు నెలలు ఆగాక అదే బృందం ఇంకో బృందమైంది. రాత్రి తరువాత రాత్రి క్లబ్బుల్లో కలిసి వాయించి, ఒకరి ఊపిరి ఒకరికి తెలిసింది.

దీని విలువ నాకు మద్రాసులో తెలిసొచ్చింది. అక్కడ మాకు కాల్‌షీట్ లెక్కన డబ్బు. ఉదయం కాల్‌షీట్ మధ్యాహ్నం ఒంటిగంటకు ముగియాలి, ఈలోగా పాట పూర్తి కావాలి. నేను వాయించిన ఒక పాట మధ్యలో ఎనిమిది బార్ల (తాళం ఆవర్తనాల్లాంటివి) ట్రంపెట్ ముక్క ఉంది. రెండో టేక్‌లో ఒక స్వరం ఒక వెంట్రుకంత కిందికి జారింది. వినేవాళ్లకు తెలియదు, నాకు తెలుసు. ఇంకో టేక్ అడిగాను. గాజు అవతల నుంచి ఎవరో చేతి గడియారం చూపించారు. ఆ స్వరం అలాగే సినిమాలోకి వెళ్లిపోయింది. ఇప్పటికీ ఆ పాట ఏ టీ కొట్టు రేడియోలో వినిపించినా ఆ చోటు వచ్చేసరికి నాకు పెదవి బిగుసుకుంటుంది. మర్నాడు వచ్చి మళ్లీ వాయించండి అనే మాట ఒక్కసారి వినడానికి నేను ఏమైనా ఇచ్చేవాణ్ని. కొలంబియా మైల్స్‌తో ఆ మాటే అంది. ఒకసారి కాదు, రెండుసార్లు.

ప్రెస్టీజ్ పద్ధతి మా కాల్‌షీట్‌కు దగ్గర. న్యూజెర్సీలోని హ్యాకెన్సాక్‌లో రూడీ వాన్ గెల్డర్ స్టూడియో ఉండేది. స్టూడియో అంటే అతని తల్లిదండ్రుల ఇంటి ముందుగది. బాకీ తీర్చడానికి మైల్స్ బృందం అక్కడికి 1956 మే 11న ఒకసారి, అక్టోబరు 26న ఒకసారి వెళ్లింది. ఆ రెండు రోజుల్లోనే సుమారు పాతిక పాటలు! దాదాపు ప్రతిదీ మొదటి టేకే. తప్పు దొర్లినా, మధ్యలో మైల్స్ బొంగురు గొంతుతో ఏదో అన్నా, టేపు నడుస్తూనే ఉంది. వాటిలో దాదాపు అన్నింటినీ ప్రెస్టీజ్ 1957 మొదలుకుని కొన్నేళ్లపాటు 'కుకిన్', 'రిలాక్సిన్', 'వర్కిన్', 'స్టీమిన్' అనే నాలుగు ఆల్బమ్‌లుగా విడతలవారీగా అమ్ముకుంది.

ఇది చదివి ఆ నాలుగూ తక్కువవని అనుకోకండి. 'రిలాక్సిన్' లేకుండా నేను బతకలేను. రాత్రి ఆఖరి ఆటకు క్లబ్బులో ముందు వరసలో కూర్చున్నట్లుంటుంది. మీకు తేడా తెలియలేదన్నారు చూడండి, దానికి కారణం ఇదే: రెండుచోట్లా వాయింపు ఒకే స్థాయిది. తేడా పట్టుకోవాలంటే ఒక పాటను రెండుచోట్లా పక్కపక్కన పెట్టి వినాలి. అదృష్టవశాత్తూ అలాంటి పాట ఉంది.

'రౌండ్ మిడ్‌నైట్'ను ఈ బృందం కొలంబియాకు సెప్టెంబరు 10న చేసింది, ప్రెస్టీజ్‌కు ఆరు వారాల తరువాత అక్టోబరు 26న చేసింది. అదే అయిదుగురు, అదే కూర్పు. ఆ కూర్పు వెనక గిల్ ఎవాన్స్ చెయ్యి ఉంది, ఆల్బమ్ మీద మాత్రం అతని పేరు వేయలేదు. మొదట కొలంబియాది పెట్టుకోండి, హెడ్‌ఫోన్లతో, దీపం తగ్గించి. మైల్స్ మ్యూట్ (నాదాన్ని అణచడానికి ట్రంపెట్ నోటిలో పెట్టే బిరడా) పెట్టిన ట్రంపెట్‌తో పాట ఎత్తుకుంటాడు. మొదటిసారి అందరూ ట్రంపెట్‌నే వింటారు. రెండోసారి దాని కిందికి వెళ్లండి. కోల్ట్రేన్ చాలా చిన్న గొంతుతో ఇంకో గీత గీస్తూ ఉంటాడు. కచేరీలో గాయకుడి వెనక వయొలిన్ నీడలా నడిచినట్లు, ముందుకు రాకుండా, విడిపోకుండా ఉంటాడు. మైల్స్ వదిలిన ఖాళీల్లోనే అతను ఊపిరి పీలుస్తాడు.

మైల్స్ పాట పూర్తి చేస్తాడు. ఇక సద్దుమణిగింది అనుకునే చోట ఒక్కసారిగా ట్రంపెట్, సాక్సోఫోన్, డ్రమ్స్ అన్నీ కలిసి గోడ కొట్టినట్లు దెబ్బ మీద దెబ్బ వేస్తాయి. కొద్ది క్షణాలే. ఆ దెబ్బల చివర ఒక చిన్న నిశ్శబ్దం. అందులోంచి కోల్ట్రేన్ బయటికి వస్తాడు. ఇందాక నీడలా ఉన్నవాడు ఇప్పుడు గది అంతా నిండిపోతాడు. పాట వేగం మారలేదు, కానీ లయ రెట్టింపు నడకలో పోతున్నట్లు అనిపిస్తుంది. చివర మైల్స్ తిరిగి వచ్చి తలుపు మెల్లగా దగ్గరికి వేసినట్లు ముగిస్తాడు. మొత్తం సుమారు ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాల్లో మాట ఎక్కువైన చోటు నాకు ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.

ఇప్పుడు ప్రెస్టీజ్‌ది పెట్టండి. ఆ దెబ్బలు ఉన్నాయి, ఆ నీడ ఉంది. కానీ గది చిన్నది, వాయిద్యాలన్నీ మీ మోకాళ్ల దగ్గర ఉంటాయి. కొలంబియాది రికార్డు చేసిన చోటు న్యూయార్క్ తూర్పు 30వ వీధిలోని పాత చర్చి. చాలా ఎత్తయిన పైకప్పు. దెబ్బ పడ్డాక ఆ నాదం పైకి వెళ్లి తిరిగి వచ్చేదాకా ఒక లిప్తపాటు పడుతుంది. కోల్ట్రేన్ రాకకు ముందున్న ఆ నిశ్శబ్దంలో వినిపించేది ఆ చర్చి గోడలే. దానికితోడు కొలంబియా టేక్‌లో తొందర లేదు. మైల్స్ ఒక స్వరాన్ని పట్టుకుంటే, దాన్ని ఇక వదలాలి అనిపించినప్పుడే వదిలాడు. హ్యాకెన్సాక్‌లో ఆ రోజు వాళ్లు ఇంకా పదకొండు పాటలు వాయించాలి. అది వినిపిస్తుందా అంటే, నాకు వినిపిస్తుంది. మూడు రోజులపాటు రోజుకొకసారి రెండూ వెంటవెంటనే వినండి, మీకూ వినిపిస్తుందని నా నమ్మకం.

మిగతా అయిదు పాటల్లో 'బై బై బ్లాక్‌బర్డ్' దగ్గర ఎక్కువసేపు ఆగాలి. 1926 నాటి మామూలు జనరంజక పాట అది, రే హెండర్సన్, మార్ట్ డిక్సన్‌లది. జాజ్ వాళ్లు పెద్దగా పట్టించుకునే సరుకు కాదు. మైల్స్ దాన్ని తీరుబడిగా నడిపించాడు. పాల్ ఛాంబర్స్ మొదట్లో బారుకు రెండు స్వరాలే వేస్తాడు, అడుగు వేసి, చుట్టూ చూసి, ఇంకో అడుగు వేసినట్లు. తరువాత నాలుగుకు మారతాడు. మారిన క్షణం పట్టుకోండి, పడవ ఒడ్డు వదిలినట్లుంటుంది. కోల్ట్రేన్ సోలోలో ఒక్కోచోట వాక్యం కుదరక మళ్లీ మొదలుపెడతాడు. దాన్ని కోసి సరిచేయకుండా ఉంచేశారు. అలా ఉంచడం మంచి నిర్ణయం. తరువాత పదేళ్లలో ప్రపంచం ఎవరిని చూసిందో, ఆ మనిషి ఇంకా వెతుక్కుంటున్న దశ అక్కడ భద్రంగా ఉంది. దాదాపు ఎనిమిది నిమిషాల ఈ పాట 1955 నాటి తొలి విడతలో సాధ్యమయ్యేది కాదు. అంతసేపు నెమ్మదిగా ఉండటానికి నలుగురి మీద భరోసా కావాలి.

'డియర్ ఓల్డ్ స్టాక్‌హోమ్' స్వీడన్ జానపద గీతం. స్టాన్ గెట్జ్ 1951లో స్టాక్‌హోమ్‌లో రికార్డు చేశాక జాజ్ వాళ్ల నోట పడింది. మైల్స్ కూడా 1952లో బ్లూ నోట్‌కు ఒకసారి చేశాడు. వ్యసనంలో ఉన్న రోజులవి. రెండూ వింటే నాలుగేళ్లలో ఒక మనిషి ఎంత దూరం నడిచి వచ్చాడో తెలుస్తుంది. 'ఆల్ ఆఫ్ యు' కోల్ పోర్టర్‌ది, మ్యూట్ మీద హాయిగా సాగుతుంది. 'టాడ్స్ డిలైట్' టాడ్ డామెరన్‌ది, చిన్నది, చురుకైనది. 'ఆ-ల్యూ-చా' చార్లీ పార్కర్ 1948లో కట్టినది. అప్పుడు పార్కర్ పక్కన ట్రంపెట్ వాయించింది మైల్సే. రెండు రాగ గీతాలు ఒకేసారి పోట్లాడుకుంటూ సాగే పాట. ఈ ఆల్బమ్‌లో మిగతావాటికన్నా ఇది కాస్త ఉరుకులాడుతున్నట్లు మీకు అనిపిస్తే మీ చెవి సరిగ్గానే ఉంది. అది నెల రోజుల బృందం.

పెద్ద కంపెనీ అంతా మేలే చేసిందని నేను అనను. ఈ ఆల్బమ్ అట్టను చాలా శ్రద్ధగా చేశారు. ఎర్రటి వెలుగులో, నల్ల కళ్లద్దాలతో, ట్రంపెట్ పట్టుకుని తలవంచి ఉన్న మైల్స్. ఆ ఒక్క బొమ్మతో అతను ఎవరో జనానికి తెలిసిపోయింది. కానీ అదే ఏడాది వచ్చిన తరువాతి ఆల్బమ్ 'మైల్స్ అహెడ్' అట్ట మీద కొలంబియా తెరచాప పడవలో ఒక తెల్ల అమ్మాయి బొమ్మ వేసింది. మైల్స్ అభ్యంతరం చెప్పాడు. తరువాతి ముద్రణల్లో అతని బొమ్మ వచ్చింది. ఒకచోట గెలిస్తే ఇంకోచోట మళ్లీ పోరాడాల్సి వచ్చింది. అయినా 1980ల నడిమి దాకా, దాదాపు ముప్పై ఏళ్లు, అతను కొలంబియాలోనే ఉన్నాడు. 1959లో 'కైండ్ ఆఫ్ బ్లూ' చేసింది కూడా అదే 30వ వీధి చర్చిలో.

ఇక కొనుగోలు. ఈ ఆల్బమ్ రికార్డైంది మోనోలో, అంటే స్టీరియోలా కుడి ఎడమలు వేరు చేయకుండా ఒకే ధ్వనిగా. మోనో ప్రతే కొనండి. 1960లలో స్టీరియో గిరాకీ పెరిగాక, పాత మోనో టేపులను యంత్రాలతో రెండుగా చీల్చి స్టీరియో అని ముద్రవేసి అమ్మారు. ఈ ఆల్బమ్‌కు కూడా అలాంటి ప్రతి ఉంది. నా మొదటి ఎల్‌పీ అదే. ఒక పాత రికార్డుల దుకాణంలో స్టీరియో అన్న మాట చూసి, మోనోకన్నా మంచిదనుకుని నెల జీతంలో గణనీయమైన భాగం పెట్టాను. ఇంటికి తెచ్చి పెడితే మైల్స్ ఏ పక్కన ఉన్నాడో తెలియలేదు. మ్యూట్ నాదం రేకు డబ్బాలోంచి వచ్చినట్లు, బేస్ ఎక్కడో వరండాలో మోగుతున్నట్లు. రెండేళ్ల తరువాత స్నేహితుడి ఇంట్లో మోనో ప్రతి విని, కూర్చున్నవాణ్ని లేచి నిలబడ్డాను. అట్ట మీద ఎలక్ట్రానిక్ పద్ధతిలో స్టీరియోగా మార్చినది అని చిన్న అక్షరాల్లో ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి.

సీడీ అయితే 2001లో వచ్చిన ప్రతి చాలు, పక్కన పెట్టిన నాలుగు పాటలూ అందులో ఉన్నాయి. 2005లో రెండు సీడీల ప్రతి వచ్చింది. అందులో 1955 జులై న్యూపోర్ట్‌లో మంక్‌తో వాయించిన ఆ 'రౌండ్ మిడ్‌నైట్' కూడా ఉంది, 1956 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని పాసడీనాలో చేసిన కచేరీ కూడా ఉంది. దొరికితే అదే తీసుకోండి. న్యూపోర్ట్ టేపు, కొలంబియా టేక్, ప్రెస్టీజ్ టేక్, ఈ మూడూ వరసగా వింటే పదిహేను నెలల్లో ఒక పాట ఎలా పెరిగిందో కళ్లకు కట్టినట్లుంటుంది.

చివరిగా మీ ట్రంపెట్ సంగతి. ఆ నాదం హార్మన్ మ్యూట్‌ది. అల్యూమినియంతో చేసిన బుడ్డిలాంటిది, చుట్టూ పూర్తిగా కార్కు పట్టీ ఉంటుంది. మిగతా మ్యూట్లలో గాలి పక్కలనుంచి తప్పించుకుంటుంది, దీనిలో గాలంతా మ్యూట్‌లోంచే బయటికి పోవాలి. మధ్యలో చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. దాని మీద చెయ్యి ఆడిస్తే పాత రికార్డుల్లో వినిపించే వావా ధ్వని వస్తుంది. మైల్స్ ఆ గొట్టం తీసేసి వాయించేవాడు. మీరూ తీసేయండి, పోగొట్టుకోకుండా పెట్టెలో దాచుకోండి. మా బంధువు ఒకాయన న్యూజెర్సీ నుంచి తెచ్చిన నా మ్యూట్ మొదటి వేసవిలోనే కార్కు ఎండి, వాయిస్తుంటే జారి నేల మీద పడింది. ఇప్పటికీ దాని మీద సొట్ట ఉంది. పెట్టే ముందు ట్రంపెట్ నోటిలోకి ఒకసారి గట్టిగా ఆవిరి ఊదండి, ఆ తడికి కార్కు పట్టుకుంటుంది. పెట్టి కొద్దిగా తిప్పండి. మ్యూట్ వల్ల శ్రుతి కాస్త పైకి పోతుంది, ట్యూనింగ్ స్లైడ్‌ను కొంచెం బయటికి లాగి సరిచూసుకోండి. కింది స్వరాలు మొరాయిస్తాయి, వాటిని ఊపిరితో బలవంతం చేయకండి.

దీనితో వాయిస్తే నాదం బాగా చిన్నదైపోతుంది, పెద్ద గదిలో నాలుగో వరసకు కూడా చేరదు. అందుకే మైకుకు బెత్తెడు దూరంలోనే ఉండాలి. మైకు లేకుండా ఈ నాదం లేదు. అంతకన్నా ముఖ్యం, స్వరాన్ని వణికించకండి. ఈస్ట్ సెయింట్ లూయిస్‌లో మైల్స్‌కు చిన్నప్పుడు నేర్పిన ఎల్వుడ్ బుకానన్ అతనికి ఆ కంపనం వద్దని చెప్పాడు, మైల్స్ జీవితాంతం దాదాపు ఆ మాట మీదే ఉన్నాడు. నెల రోజులు మ్యూట్ ముట్టుకోకుండా 'రౌండ్ మిడ్‌నైట్' మొదటి ఎనిమిది బార్లు మామూలు ట్రంపెట్‌తో, ఒక్కో స్వరాన్ని చివరిదాకా గీత గీసినట్లు నిలిపి వాయించండి. ఫోనులో రికార్డు చేసుకుని వినండి. మీ స్వరం చివర్లో ఎక్కడ జారుతోందో తెలిశాక అప్పుడు మ్యూట్ పెట్టి, ఫోనును ట్రంపెట్ నోటికి దగ్గరగా నిలబెట్టి మళ్లీ వాయించి చూడండి. కార్కు మందంగా ఉండి మ్యూట్ లోపలికి దిగకపోతే సన్నని గరుకు కాగితంతో చుట్టూ సమంగా కొద్దికొద్దిగా రుద్దండి, ఒకేసారి ఎక్కువ రుద్దితే మళ్లీ కొత్త కార్కు అతికించాల్సి వస్తుంది.